చేపలు క్షేమం

"ఇకనుంచి ఈ ఊళ్ళో నీళ్ళను కరెంటు కడుగుతుంది!"

నీళ్ళ శాఖ మంత్రిగారు ఈ మాట అనగానే చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి. ఆ వాక్యం ఆయన నోట్లోంచి రావడానికి ఒకరోజు ముందే నా కొట్లో ఫ్లెక్సీ మీదకు వచ్చింది మరి. నాది ఫ్లెక్సీలు వేసే కొట్టు. వాటర్ వర్క్స్ గేటుకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ప్రభుత్వం ఏం చెయ్యబోతోందో ప్రభుత్వానికంటే నాకు కాస్త ముందే తెలుస్తూ ఉంటుంది. ఇందులో నా గొప్పేమీ లేదు. ముందు ఫ్లెక్సీ వేయించి, పని సంగతి తర్వాత ఆలోచించడం మంత్రిగారి పద్ధతి. దూరదృష్టి అంటే అదే.

రిబ్బను కత్తిరించాక మంత్రిగారు లోపలి గదిలోకి వెళ్ళి, బీరువా అంత ఉన్న పెట్టెను పైనుంచి కిందిదాకా చూసి, "ఇదేనా?" అన్నారు. నేను అదే గదిలో నిచ్చెన మీద నిలబడి గోడకు ఫ్లెక్సీ కొడుతున్నాను కాబట్టి జరిగిందంతా కళ్ళారా చూశాను.

"ఇదే సార్," అన్నాడు ఇంజనీరు. మంచి చదువు చదివిన మనిషి. చదువు ఎక్కువైనందువల్ల ఏ మాటా టపీమని అనలేడు. "ఉప్పు నీళ్ళలో రెండు పలకలు ఉంటాయి సార్. వాటి గుండా కరెంటు పంపిస్తే ఆ ఉప్పులోంచే మందు తయారవుతుంది. అది చుక్క చుక్కగా పెద్ద ట్యాంకులో పడి క్రిముల్ని చంపుతుంది. బ్లీచింగ్ పొడి డబ్బాలు మోసుకొచ్చే పని ఉండదు. టెక్నికల్‌గా దీన్ని..."

"అర్థమైంది," అన్నారు మంత్రిగారు. "కరెంటు, నీళ్ళు, ఉప్పు. మూడూ ప్రజలకు మన ప్రభుత్వం ఇస్తున్నవే."

"ఉప్పు మనం ఇవ్వట్లేదు సార్."

"ఇకనుంచి ఇస్తాం."

ఆయన పీఏ వెంటనే రాసుకున్నాడు. వారం తిరక్కుండా మంత్రిగారి బావమరిది ఉప్పు సరఫరాలోకి దిగాడు. ప్రజాసేవ అంటే ఆ కుటుంబంలో ఎవరూ వెనకడుగు వెయ్యరు.

ఇక్కడ మా ఆవిడ గురించి కొంచెం చెప్పాలి. మా వీధి చివర ఆవిడ చిన్నపిల్లల బడి నడుపుతుంది. పనులకు వెళ్ళే తల్లులు ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్లల్ని అక్కడ దింపి వెళతారు. ఆ బడి పెరట్లో ఒక తాడు ఉంది. నీళ్ళు బాగాలేని రోజుల్లో ఆ తాడు నిండా చిన్న చిన్న నిక్కర్లు ఆరుతూ ఉంటాయి. నీళ్ళు మరీ పాడైతే ఇంకో తాడు కడుతుంది. వాటర్ వర్క్స్ వాళ్ళకు లాబొరేటరీ ఉంది. మా ఆవిడకు తాడు ఉంది. పోయిన వానాకాలంలో ఒక పసిపిల్లకు విరేచనాలు ఆగక ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది. ఆ పిల్ల తల్లి కుట్టుమిషన్ల ఫ్యాక్టరీలోంచి పరిగెత్తుకొచ్చేదాకా మా ఆవిడే మంచం పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది. అప్పటినుంచి నీళ్ళ విషయంలో ఆవిడ ఎవరి మాటా నమ్మదు.

అలాంటి మనిషి, యంత్రం తిరగడం మొదలెట్టాక తాడు వంక చూసి, "ఈ మంత్రి పరవాలేదండీ," అంది. తాడు మీద ఒకే ఒక్క తువ్వాలు ఉంది. పెళ్ళయిననాటినుంచి ఆవిడ నోట ఒక మగవాడి గురించి ఇంత గొప్ప మాట నేను వినలేదు.

మంచి రోజులు అలా నడుస్తుండగా మా పక్కింటి రిటైరైన లెక్కల మాస్టారు రబ్బరు బూట్లు వేసుకుని, చెక్క గరిటెతో కుళాయి తిప్పుతూ కనబడ్డారు.

"ఏంటి మాస్టారూ ఇది?"

"లెక్కయ్యా! నీళ్ళల్లోకి కరెంటు పంపించామని వాళ్ళే చెప్పారా లేదా?"

"చెప్పారు."

"వెనక్కి తీశామని ఎక్కడైనా చెప్పారా?"

నాకు తెలిసినంతలో ఏ ఫ్లెక్సీలోనూ చెప్పలేదు.

"మరి ఆ కరెంటంతా ఎక్కడుంది? నీళ్ళల్లోనే ఉంది. వాసన చూడు, నీకే తెలుస్తుంది. ఇది కాలిన కరెంటు వాసన!"

లెక్క తప్పని మనిషని ఆయనకు ఊళ్ళో పేరుంది. సాయంత్రానికల్లా ప్రతి ఇంట్లోనూ కుళాయి పక్కన చెక్క గరిటె వెలిసింది. మర్నాడు ప్రతిపక్షంవాళ్ళు చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని వాటర్ వర్క్స్ ముందు ధర్నాకు కూర్చున్నారు. 'మాకు నీళ్ళు కావాలి, షాకులు కాదు' అని వాళ్ళ ఫ్లెక్సీ. అదీ నేనే వేశాను. ప్రజాస్వామ్యంలో ఫ్లెక్సీ కొట్టుకు పక్షపాతం ఉండకూడదు.

మంత్రిగారు హుటాహుటిన వచ్చారు. ఆయనలో నాకు నచ్చే గుణం ఒకటుంది. సమస్య ఎంత పెద్దదైనా ఆయన దాన్ని అర్థం చేసుకుంటూ కూర్చోరు, నేరుగా పరిష్కారంలోకి వెళ్ళిపోతారు.

"జనానికి లెక్కలు వద్దు, సాక్షి కావాలి," అన్నారు. "నీళ్ళ విషయంలో చేపను మించిన సాక్షి ఎవరు? నీళ్ళల్లో పుట్టి, నీళ్ళల్లో పెరిగి, బతుకంతా ఒక్క అబద్ధం కూడా ఆడని ప్రాణి! గేటు దగ్గర అద్దాల తొట్టి కట్టించండి. మన నీళ్ళే పట్టించి, చేపల్ని వదలండి. చేప బతికిన నీళ్ళల్లో మనిషి బతకడా?"

ఇంజనీరు ముఖం పాలిపోయింది. "సార్, టెక్నికల్‌గా చేపలు..."

"ఎన్ని అంటావు? ఐదు చాలు. రంగు మాత్రం బాగుండాలి."

సాయంత్రం అందరి కళ్ళముందు ఐదు బంగారు రంగు చేపల్ని తొట్టిలో వదిలారు. జనం తోసుకుంటూ చూశారు. మాస్టారు కూడా బూట్లు విప్పి మరీ వచ్చారు. 'మీ నీళ్ళకు మా చేపలు పూచీ' అని నా ఫ్లెక్సీ దీపాల వెలుగులో మెరిసిపోయింది.

తెల్లారేసరికి ఐదు చేపలూ వెల్లకిలా తేలాయి.

"చూశారా! షాకు!" అని మాస్టారు గబగబా ఇంటికి పోయి మళ్ళీ బూట్లు వేసుకున్నారు.

విచారణ వాటర్ వర్క్స్ ఆఫీసులో జరిగింది. ఫ్లెక్సీ విప్పడానికి వెళ్ళిన నేను మళ్ళీ నిచ్చెన మీదే ఉన్నాను.

"ఎవరు చంపారు?" అన్నారు మంత్రిగారు. గొంతు బొంగురుపోయింది. చేపలంటే ఆయనకు నిజంగానే ప్రాణం.

"మందు సార్. క్రిముల్ని చంపే మందే..."

"చేప క్రిమా?"

"కాదు సార్. కానీ దానికి ఆ తేడా తెలీదు."

"ఎవరికి, చేపకా?"

"మందుకి సార్."

"తెలిసేలా చెయ్యి."

ఇంజనీరు కరెంటు తగ్గించాడు. రెండో విడత చేపలు మధ్యాహ్నందాకా బతికాయి. ఇది ప్రగతి అని మంత్రిగారు మెచ్చుకున్నారు. ఇంకా తగ్గించాడు. మూడో విడత చేపలు సాయంత్రందాకా లాక్కొచ్చాయి. అప్పుడు మంత్రిగారు ఇంజనీరు భుజం మీద చెయ్యి వేసి, "యంత్రం పూర్తిగా ఆపితే?" అని అడిగారు.

"బతుకుతాయి సార్. కానీ..."

"ఆ 'కానీ' ఫైల్లోకి రాకూడదు. యంత్రం ఆపామని కూడా ఎవరూ అనొద్దు. యంత్రం శాంతస్థితిలో ఉంది. పచ్చ లైటు మాత్రం వెలుగుతూ ఉండాలి."

పచ్చ లైటుకు విడిగా వైరు లాగారు. నాలుగో విడత చేపలు నిక్షేపంగా బతికాయి. తొట్టి అద్దాలకు లోపలివైపు లేత పచ్చటి పాచి పట్టింది. చేపలు ఆ పాచిని ఇష్టంగా తిని దినదినం బలిశాయి. పత్రికల్లో ఫొటోలు వచ్చాయి. ప్రతిపక్షంవాళ్ళు తొడుగులు తీసేశారు. మాస్టారు చేత్తోనే కుళాయి తిప్పి, "కరెంటు వాసన పోయింది," అని సర్టిఫికెట్ ఇచ్చారు. ఉప్పు సరఫరా ఆపి, బావమరిది చేపల మేత సరఫరా మొదలుపెట్టాడు. చేపల ఆరోగ్యం చూడటానికి ఒక డాక్టరుగారిని ప్రత్యేకంగా నియమించారు. అంతవరకూ ఆయన గేదెల డాక్టరు. అయినా కొత్త బాధ్యతను తేలిగ్గా తీసుకోలేదు. రోజూ పొద్దున్నే వచ్చి, తొట్టి అద్దానికి స్టెతస్కోపు ఆనించి, కళ్ళు మూసుకుని వినేవారు. తర్వాత గేటు పక్కన నేను వేసిచ్చిన బోర్డు మీద 'నేడు చేపలు క్షేమం' అని సుద్దముక్కతో స్వయంగా రాసేవారు.

బడి పెరట్లో తాడు నిండింది. మా ఆవిడ రెండో తాడు కట్టింది. ఎప్పుడో సెలైన్ ఎక్కిన ఆ పసిపిల్ల మళ్ళీ నీరసించింది. పిల్లల కోసం ఆవిడ బిందెలు బిందెలు నీళ్ళు కాచి చల్లారబెడుతోంది కానీ, ఆ పిల్లలు ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ కుళాయి నీళ్ళే తాగుతారు కదా. ఊరంతటికీ ఆవిడ ఎక్కడ కాచగలదు?

మంత్రిగారు చేపల్ని పలకరించడానికి వచ్చిన రోజున ఆవిడ గ్లాసుతో కుళాయి నీళ్ళు పట్టుకెళ్ళి ఆయన ముందు నిలబడింది. నేను చెయ్యి పట్టుకుని ఆపబోయాను. నా చెయ్యి నా దగ్గరికే తిరిగొచ్చింది.

"ఒక్క గుక్క తాగండి," అంది.

"తప్పకుండా తాగేవాణ్ణమ్మా, కానీ నాకు జలుబు," అన్నారు మంత్రిగారు. పీఏ ఇంటినుంచి తెచ్చిన ఫ్లాస్కు మూత తీసి అందించాడు. ఆయన రెండు గుక్కలు తాగి, "ఏంటమ్మా నీ కష్టం?" అని ఎంతో ఆప్యాయంగా అడిగారు.

"పిల్లలకు కడుపులు పాడవుతున్నాయి. నీళ్ళు బాగాలేవు."

"నీళ్ళు బాగాలేకపోతే ముందు ఎవరికి తెలియాలి? చేపలకు. వాటి ముఖంలో ఏమైనా బాధ ఉందా చూడు."

"పిల్లలు చేపలు కాదు కదండీ."

"నిజమే," అని మంత్రిగారు నిట్టూర్చారు. "పిల్లలకు ఆ ఓర్పు ఎక్కడిదమ్మా? రోజుకొకసారి బడి పిల్లల్ని ఇక్కడికి తీసుకొచ్చి చూపించు. ధైర్యం వస్తుంది."

ఆయన ఈ మాట వెటకారంగా అనలేదు. మనస్ఫూర్తిగానే అన్నారు. మర్నాడే 'చిన్నారులకు చేపల ధైర్యం' పథకం కింద నాకు ఫ్లెక్సీ ఆర్డరు వచ్చింది.

మా ఆవిడ ఆ రాత్రి ఏమీ మాట్లాడలేదు. ఆవిడ మాట్లాడకపోతే ఇంట్లో అందరికీ భయం. అందరూ అంటే నేనే. పొద్దున తాడు మీదనుంచి ఒక నిక్కరు తీసి సంచిలో వేసుకుని, "రండి," అంది. ఎక్కడికని అడిగే ధైర్యం చెయ్యకుండా వెంట నడిచాను.

ఇంజనీరు తన గదిలో ఫైళ్ళు చూసుకుంటున్నాడు. ఆవిడ నిక్కరు తీసి ఆయన బల్లమీద పరిచింది. పసుపుపచ్చ నిక్కరు, దాని మీద బాతు బొమ్మ. ఇంకా తడిగానే ఉంది.

"ఎవరిదో గుర్తుపట్టారా?"

ఇంజనీరు ఆ బాతు మీద వేలు పెట్టాడు. "మా పాపది," అన్నాడు.

"నిన్న నాలుగుసార్లు మార్చాను. ఇప్పుడు చెప్పండి. రోజూ 'టెక్నికల్‌గా' అని ఏదో మొదలుపెడతారు కదా, అది పూర్తి చెయ్యండి. నేను అడ్డు రాను."

ఇంజనీరు నోరు తెరిచాడు. ఎవరో ఒకరు అడ్డొస్తారని అలవాటుకొద్దీ ఆగాడు. ఎవరూ రాలేదు. పాపం, తర్వాతి ముక్క ఎలా అనాలో ఆయనకు వెంటనే తట్టలేదు.

"టెక్నికల్‌గా..." అన్నాడు, గొంతు సవరించుకుని. "టెక్నికల్‌గా, ఆ నీళ్ళల్లో చేప హాయిగా ఉందంటే మందు లేదని అర్థం మేడమ్. మందు లేదంటే క్రిములు కూడా హాయిగానే ఉన్నాయని అర్థం. యంత్రానికి ఏ రోగమూ లేదు. మీట నొక్కితే చాలు. కానీ నొక్కితే పొద్దున్నకల్లా చేపలు పోతాయి, చేపలతో పాటు నా ఉద్యోగం పోతుంది."

"చేపలు పోకుండా మీట నొక్కితే?"

"అలాంటి చేప ఇంకా పుట్టలేదు మేడమ్."

"పుట్టింది," అంది మా ఆవిడ. "మా బడిలో ఉన్నాయి."

వాటర్ వర్క్స్ వాచ్‌మన్ భోజనానికి వెళ్ళిన వేళ చూసి పని కానిచ్చాం. ఫ్లెక్సీ మారుస్తున్నట్టు నేను తొట్టి ముందు గుడ్డ అడ్డం పట్టుకున్నాను. తొట్టిలోని చేపలు బకెట్లో బడికి వెళ్ళాయి. ఒకరోజు ఎండలో ఉంచిన నీళ్ళల్లో వెయ్యమని ఇంజనీరు చెబితే అలాగే వేశాం. బడిలో పిల్లలు నీళ్ళ టబ్బులో ఆడుకునే ప్లాస్టిక్ చేపలు తొట్టిలోకి వచ్చాయి. వాచీల్లో వేసే చిన్న సెల్లు వాటి కడుపులో పెడితే, నీళ్ళు తగలగానే తోకలు ఆడిస్తూ తిరుగుతాయి. "మన చేపలేవీ?" అని పిల్లలు గోల చేశారట. "వాటికి ఉద్యోగం వచ్చింది," అని చెప్పిందట మా ఆవిడ. నిజమైన చేపల్ని చూశాక పిల్లలు పాతవాటిని మర్చిపోయారు.

ఇంజనీరు లోపలికి వెళ్ళి, గోదాంలో గుట్టగా మిగిలిపోయిన బావమరిది ఉప్పు కలిపి మీట నొక్కాడు. పచ్చ లైటు ఎలాగూ వెలుగుతూనే ఉంది కాబట్టి తేడా ఎవరికీ తెలియలేదు. కుళాయిలో వాసన తిరిగొచ్చినా, తొట్టిలో చేపలు ఈదుతున్నాయి కదా అని మాస్టారు బూట్ల జోలికి పోలేదు.

వారం తర్వాత మంత్రిగారు వచ్చారు. ఇంజనీరు చొక్కా తడిసిపోయింది. మా ఆవిడ మాత్రం, ధైర్యం పథకం కింద, పిల్లల్ని వరసగా నిలబెట్టుకుని చూస్తోంది. మంత్రిగారు అద్దానికి ముక్కు ఆనించి చాలాసేపు చూశారు.

"ఏమి చురుకు! ఏమి చురుకు!" అన్నారు. "రంగు తగ్గకపోగా ఇంకా పెరిగింది. మేత సరిగ్గా తింటున్నాయా?"

"ఎప్పుడూ వద్దని అనలేదు సార్," అన్నాడు ఇంజనీరు.

"ఏదో ఘాటు వాసన వస్తోందే?"

ఇంజనీరు నోరు తెరిచేలోపే డాక్టరుగారు ముందుకొచ్చారు. "బలమైన చేపల వాసన సార్. నేను దగ్గరుండి చూసుకుంటున్నాను."

"మన కృషి!" అన్నారు మంత్రిగారు చెమ్మగిల్లిన కళ్ళతో. దేశంలో ప్రతి వాటర్ వర్క్స్‌లోనూ ఈ జాతి చేపలే ఉండాలని అక్కడికక్కడే ప్రకటించారు. జాతి పేరేమిటని పీఏ అడిగితే డాక్టరుగారు ఏదో పొడుగాటి మాట చెప్పారు. పీఏ రాసుకున్నాడు.

కొన్నాళ్ళకు ఒక చేప తొట్టి అడుగున కదలకుండా ఉండిపోయింది. డాక్టరుగారు కంగారుపడిపోయి, స్టెతస్కోపు అన్ని వైపులా ఆనించి విని, బోర్డు మీద 'ఒక చేపకు నీరసం, చికిత్స జరుగుతోంది' అని రాశారు. నీళ్ళల్లో ఎర్రటి మందు ఏదో రెండు మూతలు పోశారు. మధ్యాహ్నం మా ఆవిడ వెళ్ళి సెల్లు మార్చి వచ్చింది. సాయంత్రానికి ఆ చేప తక్కినవాటికంటే జోరుగా ఈదుతోంది. డాక్టరుగారు దాని వంక, తన మందు సీసా వంక మార్చి మార్చి చూసి, రుమాలుతో కళ్ళు తుడుచుకున్నారు.

విషయం మంత్రిగారిదాకా వెళ్ళింది. చేప ప్రాణం నిలబెట్టినందుకు డాక్టరుగారికి అభినందన సభ. గేటు అంత ఫ్లెక్సీ వెయ్యాలి, ఒకపక్క డాక్టరుగారు, రెండోపక్క చేప. ఫొటో నేనే తీశాను. చేపను అంత పెద్దది చేస్తే ఏం కనబడుతుందో నాకు ముందే తట్టి ఉండాల్సింది.

పీఏ, డాక్టరుగారు ఇద్దరూ నా కొట్టుకు వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నారు. పీఏ తెరకు దగ్గరగా వంగాడు.

"ఇదేంటి, కడుపు మీద?"

సెల్లు పెట్టే మూతకు బిగించిన మూడు చిన్న మరలు, ఒకే వరసలో. తలల మీద గాట్లు కూడా స్పష్టంగా ఉన్నాయి. మా ఆవిడ, పిల్లలు, తాడు, ఇంజనీరు ఉద్యోగం అన్నీ ఒక్కసారిగా నా కళ్ళముందు తిరిగాయి.

డాక్టరుగారు తెర వంక చూశారు. కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకుని మళ్ళీ చూశారు. ఫ్లెక్సీలో తన పేరు ఎంత పెద్ద అక్షరాల్లో ఉందో కూడా ఒకసారి చూసుకున్నారు.

"కుట్లు," అన్నారు. "ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చింది."

"చెప్పనేలేదే!" అన్నాడు పీఏ ఆశ్చర్యంగా.

"నేను చేసింది చెప్పుకునే మనిషిని కాదు."

పీఏ లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. తర్వాత నావైపు తిరిగి, "ఆ కుట్లు ఇంకొంచెం పెద్దవిగా కనబడేలా వెయ్యి," అన్నాడు.

వేశాను. సభరోజు పొద్దున గేటుకు కడుతుంటే ఫ్లెక్సీ మరీ పెద్దదై తాడు చాల్లేదు. మా ఆవిడ బడిలోకి వెళ్ళి, పెరట్లో తాళ్ళు రెండూ విప్పి తెచ్చిచ్చింది. మళ్ళీ తెచ్చివ్వనక్కర్లేదంది.